ఓరుగల్లు పంపకాలు

చాకలి ఐలమ్మది ఏ జిల్లా? పాత పుస్తకాలు నల్లగొండ అంటాయి. ఆ తరువాత వచ్చినవి వరంగల్లు అంటాయి. ఇటీవలి రాతలు జనగామ అంటాయి. చిత్రమేమంటే మూడూ నిజమే. పాలకుర్తి ఉన్నచోటనే ఉన్నది. దాని చుట్టూ గీసిన గీతలే కదిలాయి.

2016 అక్టోబరు 11, విజయదశమి నాడు తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్లు ఉమ్మడి కుటుంబపు ఆస్తి వలె పంపకానికి వచ్చింది. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అని అయిదు వాటాలు వేశారు. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు వేరు కాపురం పెట్టింది. 2021లో అర్బన్ హన్మకొండగాను, రూరల్ వరంగల్‌గాను పేర్లు మార్చుకున్నాయి. వీటిలో మూడు వాటాల సంగతి ముచ్చటిస్తాను.

మొదట జనగామ. 2016 ఆగస్టు నాటి ముసాయిదాలో ఈ జిల్లా పేరే లేదు. జనం నెలల తరబడి ఆందోళన చేసిన మీదట, చివరి ఘడియలో గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లతో పాటు చేర్చారు. అడిగి, పోట్లాడి తెచ్చుకోవడం ఆ నేలకు కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగినపుడు అది నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన బమ్మెర, సర్వాయి పాపన్న ఖిలాషాపురం, పెంబర్తి కంచరుల ఇత్తడి పనితనం, ఇవన్నీ ఈ జిల్లా వాటాకు వచ్చాయి. పొరుగునున్న చేర్యాల మాత్రం తన నకాశీ బొమ్మలతో సహా సిద్దిపేటకు పోయింది.

ఇక మహబూబాబాద్. జనం నోట ఈనాటికీ మానుకోటే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు కాగితం మీద నిలిచింది, పాతపేరు నాలుక మీద నిలిచింది. లంబాడీ తండాలు, కోయగూడేలు విరివిగా ఉన్న జిల్లా ఇది. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన క్రైస్తవ ప్రార్థనామందిరం గుడిపోకడలను, మసీదు పోకడలను కలుపుకొని నిలిచి ఉన్నది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్య పీఠం అదే.

ఈ జిల్లాలోని బయ్యారం, గార్ల 2016 దాకా ఖమ్మం జిల్లావి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు త్రవ్వించి వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి గొప్ప ఆధారం. ఆ నేలలోనే ఇనుప ఖనిజమున్నది. 2014 విభజన చట్టం ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యాలను "ఖమ్మం జిల్లా"లో పరిశీలించమన్నది. కర్మాగారం రాలేదు, ఈలోగా బయ్యారం జిల్లానే మారింది. రేపు ఆ చట్టం చదివే పిల్లవాడికి ఆ జిల్లా పేరు బయ్యారాన్ని గుర్తుచేస్తుందా?

మూడవది భూపాలపల్లి. ఇక్కడ సింగరేణి బొగ్గుగనులు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ విద్యుత్కేంద్రం, గణపురంలో కాకతీయుల నాటి కోటగుళ్ళు ఉన్నాయి. ఉత్తరాన కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ కాళేశ్వరం, మహాదేవపురం 2016 వరకు కరీంనగర్ జిల్లావి. 2019లో అక్కడి మేడిగడ్డ వద్ద ఆనకట్ట ప్రారంభమైంది. 2023 అక్టోబరులో దాని స్తంభాలు క్రుంగాయి. జిల్లాకు ఆచార్య జయశంకర్ పేరు పెట్టారు గాని, ఆయన పుట్టిన అక్కంపేట ఈ జిల్లాలో లేదు. రామప్పగుడి, మేడారం జాతర ములుగుతో వెళ్ళిపోయాయి.

ఈ మార్పులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కలెక్టరు కచేరీ దగ్గరయితే రైతుకు బస్సు ఖర్చు, పూటకూలి మిగులుతాయి. అది చిన్నలాభమేమీ కాదు. మనవాళ్ళెందరో కాపురముంటున్న అమెరికాలోని జార్జియా రాష్ట్రం తెలంగాణ కంటె పెద్దది. అందులో 159 కౌంటీలున్నాయి. అంతకు మించరాదని ఆ రాష్ట్ర రాజ్యాంగమే కట్టడి చేసింది. అక్కడ షెరీఫును జనమే ఎన్నుకుంటారు. మనకు ప్రభుత్వ ప్రకటన ఒక్కటి చాలు, జిల్లా పుడుతుంది. కలెక్టరు పైనుండి వస్తాడు. 2019లో కొత్త జిల్లాలకు జిల్లాపరిషత్తులు ఎన్నికైనాయి, 2024లో వాటి గడువు తీరింది.

నా బెంగ వేరు. 1863లో వర్జీనియా నుండి పశ్చిమ వర్జీనియా విడిపోయింది. అంతకు ముందరి కథ కావాలంటే అక్కడివారు వర్జీనియా పేరు కింద వెదకాలని ఎరుగుదురు. మనమో? కడవెండి కోసం నల్లగొండ దస్త్రాలు, బయ్యారం కోసం ఖమ్మం, కాళేశ్వరం కోసం కరీంనగర్ తిరగెయ్యాలని ఎవరు చెబుతారు? ఆ ముక్క తెలియని విద్యార్థి కొత్తపేరుతో వెదకి, ఏమీ దొరకక, తన ఊరికి చరిత్రే లేదనుకుంటాడు. ఉన్న చరిత్రను అలా పోగొట్టుకోవడం కంటె దుఃఖమేముంది?

కనుక చదువరులకు ఒక్క విన్నపం. మీ ఊరిని గూర్చి వ్రాసేటప్పుడు నేటి మండలం, జిల్లాలతో పాటు పాత తాలూకా, పాత జిల్లా, అవి మారిన సంవత్సరం కూడా వ్రాయండి. ఒక్క వాక్యం చాలు. పంపకాలు జరిగిన ఇంట్లో ఎవరి వాటా వారిదే. తాతగారి దస్తావేజు మాత్రం అందరిదీ. అది ఏ పెట్టెలో ఉన్నదో పిల్లలకు చెప్పి ఉంచాలి.