సమ్మెట గురవరాజు వేషం

విజయనగరంలో వీరనరసింహరాయల కొలువు. కూచిపూడి భాగవతుల మేళం కేళిక ఆడుతోంది. ఒక భాగవతుడు రాజు వేషం కట్టి రంగం మీదికి వచ్చాడు. రాముడు కాదు, కృష్ణుడు కాదు, హిరణ్యకశిపుడూ కాదు. వచ్చినవాడు సమ్మెట గురవరాజు. సిద్ధవటం సీమను అప్పుడు ఏలుతున్న మనిషి, రాయల చేతికింది సామంతుడు. అతని వెంట ఇద్దరు బంట్రోతులు. వాళ్ల చేతుల్లో చిక్కిన ఆడమనిషి వేషంలో మరో భాగవతుడు. బంట్రోతులు ఆమె రొమ్ములకు చిరతలు బిగించి, డబ్బు తెమ్మని పీడిస్తున్నారు. గురవరాజు ఎదుట నిలబడి ఆ పని చేయిస్తున్నాడు.

ఇది కల్పన కాదు. కడప జిల్లా సిద్ధవటం దగ్గరి మాచుపల్లి గ్రామ కైఫీయతులో, అంటే ఆ ఊరి సంగతులు రాసిపెట్టిన పత్రంలో, ఉన్న సంగతి. ఆ ఆట సుమారు 1502 నాటిదని చరిత్రకారులు లెక్కకట్టారు. ఏయే వేషాలు వేశారు, ఏం చేసి చూపించారు, రాయలు ఏం చేశాడు అన్నంత వరకు కైఫీయతు చెబుతుంది. నడుమ ఉన్న దారినీ పాటనూ భాగవతుల ఆటతీరును బట్టి నేను ఇక్కడ కూర్చుకుంటున్నాను.

మేళం వినుకొండ, బెల్లంకొండ వైపు నుంచి బయల్దేరింది. అప్పట్లో భాగవతులకు ఊరూరా తిరగడమే బతుకు. మద్దెల, తాళాలు, వేషాల మూట భుజాన వేసుకుని పోతారు. ఊళ్లో దిగితే ముందు పెద్దల దర్శనం, ఆ పైన ఆట, ఆ పైన సంభావన. అలా సిద్ధవటం సీమలో అడుగుపెట్టినవాళ్లకు ఆట ఆడించుకునే ఓపిక ఉన్న ఊరు దొరికి ఉండదు. పన్ను బాకీ పడ్డ ఇంట్లో మగవాడు దొరకకపోతే ఆడదాన్ని పట్టుకుపోతున్నారు. చిరతల కథ వాళ్లకు అక్కడే తెలిసింది. మేళంలో ఆడవేషం కట్టేవాడు కూడా మగవాడే. ఆడదాని నడక, చూపు, సిగ్గు నేర్చుకోవడమే అతని విద్య. ఆ సీమలో అతను చూసింది వేరే రకం ఆడదాన్ని. బాధతో వంగిపోయిన మనిషిని.

సామంతుడి మీద ఎవరికి చెప్పుకోవాలి? విజయనగర రాజ్యంలో నాయకుడికి సీమ ఇచ్చేవారు. అతను సైన్యాన్ని పోషించాలి, రాయలకు కట్టవలసింది కట్టాలి. ఆ మధ్యలో రైతు దగ్గర ఎంత పిండాడు, ఎలా పిండాడు అన్నది రాజధానికి చేరదు. కట్టవలసింది చేరితే చాలు, కొలువులో అతను మంచివాడే. ఫిర్యాదు పట్టుకుని రోజుల తరబడి నడిచిపోయిన రైతుకు కోట వాకిలి దాటడం కల్ల. మేళానికి మాత్రం ఆ వాకిలి తెరుచుకుంటుంది. వినోదం కావాలి కనుక తెరుస్తారు.

సిద్ధవటం నుంచి పెన్న వెంట పడమరకు, రాజధాని వైపు పోయే బాటసారికి గండికోట కొండలు తప్పవు. ఎర్రటి బండల్ని నిలువునా చీల్చుకుని ఏరు పారే ఆ గండి దగ్గర ఒక కోట, దాని కింద ఊళ్లు, ఆ ఊళ్ల మీద ఒక నాయకుడి అధికారం. తర్వాతి కాలంలో పెమ్మసానివారి పేరుతో ఆ కోట వెలిగింది. పెన్న ఒడ్డున ఏ కోట చూసినా అదే అమరిక. గురవరాజు ఒక్కడు చెడ్డవాడైతే కథ చిన్నది. అడిగేవాడు లేని చోట ఎవడైనా గురవరాజు కాగలడు, మేళం చూపించబోయేది అదీ.

కొలువులో ఆడాలంటే పద్ధతి ఉంది. మేళం రాయల దర్శనం చేసుకుంది. కేళికకు సెలవైంది. కూచిపూడివారి ఆటలో ప్రతి పాత్రా దరువుతో ప్రవేశిస్తుంది. నేను ఫలానా, నా పరాక్రమం ఇంతటిది, నా అందం ఇలాంటిది అని ఆడుతూ పాడుతూ తెర దాటి వస్తుంది. సత్యభామ ప్రవేశించే తీరు తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గురవరాజు వేషానికి కూడా అలాంటి దరువే కట్టి ఉంటారని నా నమ్మకం. రాజును పొగిడే వరస, రాజుకు తగ్గ నడక, మద్దెల మీద గంభీరమైన దెబ్బ. వరస అదే, మాటలు మాత్రం వేరు. జయించిన కోటలకు బదులు దోచిన ఇళ్లు, ఇచ్చిన దానాలకు బదులు లాక్కున్న పుస్తెలు. కొలువులో మొదట నవ్వు పుట్టి ఉంటుంది. సామంతుణ్ణి వెక్కిరిస్తుంటే తోటి సామంతులు నవ్వకుండా ఉంటారా!

అంతలో బంట్రోతులు ఆడమనిషిని లాక్కొచ్చారు. చిరతలు బిగించారు. అక్కడ నవ్వు ఆగిపోయి ఉండాలి. ఈ మేళం గొప్పతనమంతా ఆ ఒక్క మలుపులో ఉంది. వెక్కిరింతతో మొదలుపెట్టి కొలువును దగ్గరికి లాగారు. కళ్లు తిప్పుకోలేనంత దగ్గరికి వచ్చాక అసలు సంగతి చూపించారు. దణ్ణం పెట్టి విన్నపం చేసుకుని ఉంటే ఏ మంత్రో విచారిద్దాం లెమ్మని పక్కన పెట్టేవాడు. కళ్లెదుట జరిగిన దాన్ని పక్కన పెట్టడం కష్టం.

రాయలు ఇదేమి ఆట అని ఆరా తీశాడు. సిద్ధవటం సీమలో గురవరాజు చేయిస్తున్నదే తాము ఆడి చూపించామని తెలిసేలా చేశారు భాగవతులు. ఆ తర్వాత అంతా వేగంగా నడిచింది. సైన్యం కదిలింది. గురవరాజు పట్టుబడ్డాడు. అతనికి మరణశిక్ష పడింది.

వేషాలు కట్టిన ఆ నలుగురి పేర్లు కైఫీయతులో లేవు. గురవరాజు వేషం వేసినవాడి ధైర్యం తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కొలువు కోపం సామంతుడి మీదికి కాక తన మీదికి మళ్లి ఉంటే? సామంతుణ్ణి సభలో అవమానించినవాడి తల నిలుస్తుందా? మళ్లీ ఆ సీమ మీదుగానే తిరిగి ఊరు చేరాలి కూడా.

ఇతర దేశాల్లోనూ ఇలాంటి తెగువ ఉంది. క్రీస్తు పూర్వం 424లో ఏథెన్సులో అరిస్టోఫెనీస్ తన నాటకంలో క్లియాన్ అనే బలమైన నాయకుణ్ణి చీల్చి చెండాడాడు. నాటకానికి మొదటి బహుమతి వచ్చింది. కొద్దికాలానికే జనం ఆ క్లియాన్‌నే సేనాపతిగా ఎన్నుకున్నారు. మన భాగవతుల ఆటకు మాత్రం దొర గద్దె దిగాడు. ఆ ఘనత ప్రపంచానికి చెప్పుకోవలసినది. మనం కడపకే సరిగా చెప్పలేదు.

ఈ కథ మనదాకా వచ్చిందంటే కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన కింద పనిచేసిన కావలి సోదరులు ఊరూరా కరణాల దగ్గర రాయించి సేకరించిన కైఫీయతుల పుణ్యమే. కూచిపూడి నాట్యం ఎంత పాతదో తేల్చడానికి పండితులు మాచుపల్లి కైఫీయతును తరచు ఉదహరిస్తారు. నాట్యం వయసు తేల్చి అక్కడితో ఆపేస్తారు. నాట్యం ఏం పని చేసిందన్నది వదిలేస్తారు. నా ఫిర్యాదు అదే.

పాలకుణ్ణి ఎత్తిచూపే ఆ పని తెలుగునాట ఆగలేదు కూడా. రాయలసీమలో తందాన కథ, కోస్తాలో బుర్రకథ అని పిలిచే కళ ఉంది. కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. పురాణం చెబుతూ చెబుతూ నడుమ రాజకీయం వంత అందుకుని నిన్నమొన్నటి అధికారిని ఉతికి ఆరేస్తాడు. ప్రజానాట్యమండలి రోజుల్లో షేక్ నాజర్ ఆ కళను వేలమంది ముందుకు తెచ్చాడు. ఒకప్పుడు సర్కారుకు కంటగింపైన ఆ గొంతుకే 1986లో పద్మశ్రీ వచ్చింది. తెల్లదొరలకు కూడా ఈ కళ బలం తెలుసు. కలకత్తాలో వేల్స్ యువరాజు పర్యటన మీద వెటకారంగా నాటకం ఆడినందుకే 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు. రాయలు ఆట చూసి సామంతుణ్ణి పట్టించాడు. దొరలు ఆట చూసి ఆడినవాళ్లను పట్టించారు. పాలకుణ్ణి కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనిపించదు.

గండికోట ఉత్సవాలు జరిపే పెద్దలకు, కూచిపూడి గురువులకు నాదొక మనవి. దశావతారాలు, తరంగం ఎలాగూ ఆడతారు. వాటితోపాటు సమ్మెట గురవరాజు కేళికను కూడా మళ్లీ కట్టి, గండికోటలో ఒకసారి, సిద్ధవటంలో ఒకసారి ఆడించండి. ఆ సీమ ఆడవాళ్ల గోడును రాయల చెవిన వేసింది మీ మేళమే. దాన్ని చూసే మొదటి హక్కు ఆ ఊళ్లవాళ్లది.