క్లాడ్ మెకే: వలసకు ముందటి కవిత్వం

హార్లెమ్ సాంస్కృతిక పునరుజ్జీవనానికి ఆద్యుల్లో ఒకడిగా పేరొందిన క్లాడ్ మెకే, 1912లో అమెరికా ఓడ ఎక్కేనాటికే జమైకాలో గుర్తింపు పొందిన కవి. అతని తర్వాతి కవిత్వంలోని ధిక్కార స్వరానికి మూలాలు ఆ తొలి రచనల్లోనే ఉన్నాయి.

జమైకాలోని క్లారెండన్ కొండప్రాంతంలో, సొంత భూమి ఉన్న రైతు కుటుంబంలో మెకే పుట్టాడు. పదకొండుమంది సంతానంలో ఆఖరివాడు. బడిపంతులైన అన్న యూరయా థియోడర్ అతన్ని తన దగ్గర ఉంచుకుని చదివించాడు. అన్న ఇంట్లోని పుస్తకాలే అతనికి ఇంగ్లిష్ కవులను పరిచయం చేశాయి. పదేళ్ల వయసులోనే పద్యాలు రాయడం మొదలుపెట్టాడు. తర్వాత కొంతకాలం బగ్గీలు, కలప సామాను తయారుచేసే పనివాడి దగ్గర శిష్యరికం చేశాడు.

1907లో వాల్టర్ జెకిల్‌తో కలిగిన పరిచయం అతని దారి మార్చింది. జమైకా జానపద గీతాలను, కథలను సేకరించి ప్రచురించిన ఆంగ్లేయుడు జెకిల్. మెకే చూపిన ప్రామాణిక ఇంగ్లిష్ పద్యాలు ఆయనకు అంతగా రుచించలేదు. సంతకు బరువు మోసుకెళ్లే గాడిద గురించి పల్లె యాసలో రాసిన పద్యం మాత్రం బాగా నచ్చింది. ఆ యాసలోనే రాయమని ప్రోత్సహించాడు. చదువుకున్నవారు చిన్నచూపు చూసే పాత్వా భాష అలా మెకే కవితకు మాధ్యమమైంది.

1911లో మెకే పోలీసుగా చేరి, ఏడాదైనా నిండకుండానే మానేశాడు. తనలాంటి పేద నల్లవారిపైనే అధికారం చలాయించాల్సి రావడం అతన్ని కలచివేసింది.

ఈ అనుభవాలన్నీ 1912లో వెలువడిన రెండు సంపుటాల్లోకి వచ్చాయి. కింగ్‌స్టన్‌లో అచ్చయిన 'సాంగ్స్ ఆఫ్ జమైకా'కు జెకిల్ ముందుమాట రాశాడు. అందులోని 'క్వాషీ టు బక్రా' కవితలో నల్లజాతి రైతు తెల్లదొరతో మాట్లాడతాడు. చిలగడదుంప తియ్యగా ఉందని మెచ్చుకుంటూనే చవగ్గా అడిగే దొరకు, దాన్ని పండించడంలోని కష్టం ఎంతో చెబుతాడు. లండన్‌లో అచ్చయిన 'కాన్‌స్టబ్ బ్యాలడ్స్' పోలీసు జీవితాన్ని చిత్రించింది. అందులో వీధిలో పండ్లమ్మే స్త్రీ, పోలీసులు తన పొట్ట కొడుతున్నారని నిలదీస్తుంది. ఆ ఏడాదే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జమైకా అతనికి మస్‌గ్రేవ్ రజత పతకం ప్రదానం చేసింది.

వ్యవసాయం చదవడానికి మెకే అలబామాలోని టస్కిగీ విద్యాసంస్థలో చేరాడు. కొద్ది నెలలకే కాన్సాస్‌కు మారి, 1914లో న్యూయార్క్ చేరుకున్నాడు. నల్లవారిపై దాడులు చెలరేగిన 1919లో రాసిన 'ఇఫ్ వి మస్ట్ డై', 1922 నాటి 'హార్లెమ్ షాడోస్' సంపుటి అతనికి విస్తృతమైన కీర్తి తెచ్చాయి. వీటి భాష ప్రామాణిక ఇంగ్లిష్. ప్రసిద్ధమైన కవితల్లో చాలావరకు సానెట్లు. అణగారినవాడు తలెత్తి తన మాట తానే చెప్పే తీరు మాత్రం జమైకాలో అలవడినదే. 1948లో షికాగోలో మరణించేవరకూ మెకే స్వదేశానికి తిరిగి రాలేదు. అతను వేసిన పాత్వా కవిత్వపు బాటను 1940ల నుంచి లూయీస్ బెనెట్ జమైకాలో విశాలం చేసింది.