రేవు ప్రమాద హెచ్చరికలు

తుపాను వేళ ఓడలకు, వేట పడవలకు రేవుల్లో ఎగరేసే సూచికలు. భారత రేవుల్లో ఇవి 11. పగలు స్తంభానికి శంకువులు, స్తూపాలు కడతారు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు వెలిగిస్తారు. 1, 2 దూరపు హెచ్చరికలు, 3, 4 స్థానికం, 5–7 ప్రమాదం, 8–10 తీవ్ర తుపాను వల్ల మహా ప్రమాదం. అంకెతో పాటే గాలి జోరూ పెరుగుతుందనుకోవడం పొరపాటు. 8, 9, 10లలో తీవ్రత ఒకటే, దారే వేరు: రేవు తుపానుకు ఎడమన ఉంటే 8, కుడిన ఉంటే 9, తుపాను రేవు మీదుగానో అతి చేరువగానో తీరం దాటితే 10. ఆంధ్ర తీరాన పడమరకు కదిలే తుపానుకు కుడిపక్క ఉత్తరం; అక్కడ గాలి సముద్రం నుంచి నేల మీదికి వీచి ఉప్పెన తెస్తుంది. అందుకే 9ని 8 కన్నా గట్టిగా పట్టించుకోవాలి. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోతే 11 ఎగరేస్తారు.