నెట్ కూపన్లతో నిజంగా మిగిలేది ఎంత?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి నెట్‌కు ఏపీ ఫైబర్‌నెట్, బీఎస్ఎన్ఎల్, జియో వంటివి ఉన్నాయి. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పట్లో మొదటి ప్యాకేజీ నెలకు 149 రూపాయలు.

ప్రకటనలో రేటు వేరు, కట్టేది వేరు. బ్రాడ్‌బ్యాండ్ బిల్లుపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. 399 ప్లాన్‌కు చేతి నుంచి పోయేది దాదాపు 471. ఇరవై రూపాయల క్యాష్‌బ్యాక్ కూపన్ చూసి మురిసిపోతాం గానీ పన్నే 72 రూపాయలు! ఏడాదికి ఒకేసారి కడితే కొన్ని కంపెనీలు అదనపు రోజులిస్తాయి. కూపన్ కన్నా అదే లాభం, లైను సరిగా పనిచేస్తుంటేనే.

మొబైల్‌లో 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 13 రీచార్జ్‌లు. 30 రోజుల ప్లాన్ ఒక్కటైనా ఉండాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది. యాప్‌లో కాస్త వెతకాలి, అంతే.

ఇక రంజాన్, ఈద్‌లకు వాట్సాప్‌లో 'ఫ్రీ రీచార్జ్' లింకులు తిరుగుతాయి. గల్ఫ్‌లోని కొడుకుతో వీడియో కాల్ కోసం ఫోన్ పట్టుకునే అమ్మీ, నానీలకు ముందే చెప్పి ఉంచాలి: డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమంటే మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి.