కట్టెల మూట

మరణమును గూర్చి ముందుగా మాటాడుట అశుభమని నోరు మూయించు మన యిండ్లలోనే, పండుముదుసలి తన పెట్టె యడుగున చిన్న మూట కట్టి, కట్టెలకును కర్మకును కొడుకులు ఒకరియెదుట చేయి చాపరాదని దాచియుంచుట అపూర్వమేమియు కాదు. ఆ మూట చేయు పనిని ప్రభుత్వమే పైన వేసికొన్న కథ హైదరాబాదుది. 1907లో నిజాము ప్రభుత్వము తన యుద్యోగుల కొరకు నెలకొల్పిన కుటుంబ పింఛను నిధియే కాలక్రమమున ప్రభుత్వ జీవిత బీమా శాఖగా పరిణమించి, జీతము చేతికి రాకమునుపే చందా విరిచికొను పద్ధతిని స్థిరపరచినది. తనంతట దాచలేని బంట్రోతునకు ఈ బలవంతపు పొదుపే మేలని నా తలంపు.

1932లో 27 బస్సులతో నిజాము రైల్వే ఆరంభించిన రోడ్డు రవాణాకు వారసురాలైన ఆర్టీసీకి హైదరాబాదు తార్నాకలో తన ఆసుపత్రియే యున్నది. అయినను, బంట్రోతు పోయినను, కండక్టరు పోయినను ఇంటివారి తొలి చింత బీమా కాదు. బండికిని, కట్టెలకును, కాటికాపరికిని ఆ పూటకు రొక్కమెక్కడిదని. బీమా సొమ్ము కాగితముల వెంట నెమ్మదిగ వచ్చును, శవము ఆగదు గదా!

ఈ యెడమును గుర్తించియే కాబోలు, 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టమునకు 1966లో చేసిన సవరణ తన పరిధిలోని బీమా కార్మికుల అంత్యక్రియల వ్యయమును ప్రత్యేకముగ చేర్చినది. నేడది గరిష్ఠముగ 15,000 రూపాయలు. కుటుంబమున పెద్దకు, కుటుంబమే లేనిచో ఖర్చు పెట్టినవారికి ముట్టును. మృతి చెందిన మూడు నెలలలోగా అర్జీ పెట్టుకొనవలెనని మాత్రము హక్కుదారులు మరువరాదు.