ఊరు, చెట్టు, కొలత: తెలుగులో మద్యనామాల చరిత్రకు అమీర్‌పేట, పంజాగుట్టల సాక్ష్యం

ఆలంకారికులు ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనల్లో మధుపానం ఒకటి. నగరం, సముద్రం, ఋతువులు, చంద్రోదయాల సరసన దానికీ పీట వేశారు. ఆ నియమాన్ని పాటిస్తూ నేటి హైదరాబాదును వర్ణించబూనిన కవి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే నగర వర్ణనకూ మధుపాన వర్ణనకూ కావలసిన సామగ్రి ఒకే దారిలో దొరుకుతుంది. చిక్కల్లా పదాలతోనే. దుకాణం నుదుట 'వైన్స్' అని ఉంటుంది. తెలుగులో ఆ మాట ద్రాక్షాసవానికి పేరు కాదు, అంగడికి పేరు. 'వైన్స్‌కు వెళ్లాడు' అన్న వాక్యంలో వైను ఉండనక్కరలేదు. లోపల ఎక్కువగా అమ్ముడయ్యేది బ్రాందీ, విస్కీ, బీరు. ఆంగ్లంలో బహువచన ప్రత్యయం చేర్చుకొని వచ్చిన మాటకు మనం మళ్లీ 'లు' తగిలించి 'వైన్సులు' అంటున్నాం.

మద్యానికి తెలుగువారు వాడిన పేర్లు దేన్ని ఆధారం చేసుకొని పుట్టాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాస్త్రగ్రంథాల్లో పేరు ఊరిని చెప్పింది. పల్లె వాడుకలో చెట్టునూ ఋతువునూ చెప్పింది. నేటి నగర వాడుకలో సీసాలో ఎంత పడుతుందో చెబుతోంది. ఈ మూడింటి మధ్య పోగొట్టుకున్నది రుచిని చెప్పే భాష అని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

ఊరి పేరు

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుని విధులను వివరించే అధ్యాయం ఉంది. అందులో మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని మద్యభేదాలు చెప్పి, మధువంటే ద్రాక్షరసమని నిర్వచించారు. ఆ మధువుకు కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు పుట్టిన దేశాన్ని బట్టి వచ్చాయని కూడా అక్కడే ఉంది. కాపిశి నుంచి కాపిశాయన రూపాన్ని సాధించడానికి పాణిని ఒక సూత్రమే చేశాడు. ఫ్రాన్సులోని కోన్యాక్ పట్టణం తన పేరును బ్రాందీకి ఇచ్చి, ఆ పేరు మరెవరూ వాడకుండా చట్టం తెచ్చుకోవడానికి చాలా శతాబ్దాల ముందే ఊరి పేరుతో మధువును గుర్తించే అలవాటు ఈ దేశంలో ఉందన్నమాట.

అదే అధ్యాయం పానాగారాల్లో వేరువేరు గదులు, పడకలు, ఆసనాలు, గంధమాల్యాలు, నీరు ఉండాలంటుంది. మన 'పర్మిట్ రూము'ల స్థితితో దీన్ని పోల్చడం ఉభయులకూ ఇబ్బందికరం.

అమరకోశం సురకు ఇచ్చిన పర్యాయపదాల్లో రెండు ఈ చర్చకు ముఖ్యమైనవి. ఒకటి 'గంధోత్తమ', రెండవది 'ప్రసన్న'. మొదటిది వాసనను మెచ్చుకొన్న పేరు. రెండవది తేటదనాన్ని మెచ్చుకొన్న పేరు. మత్తును చెప్పే 'మదిర' వీటి పక్కన ఉన్నా, అది ఒక్కటే లేదు. ముక్కుకూ కంటికీ నచ్చిన గుణాలు నిఘంటువులోకి ఎక్కాయి.

కృష్ణాతీరంలో ఈ ఆసక్తికి శిల్పసాక్ష్యం దొరుకుతుంది. నాగార్జునకొండలో బయటపడిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాల్లో ఒకచోట గడ్డం పెంచిన పురుషుడు పానపాత్రగా కొమ్మును పట్టుకొని నిలబడ్డాడు. గ్రీకు, రోమను మధుదేవత పోలికలు ఈ మూర్తిలో ఉన్నాయి. ఊరిపేర్ల విషయంలో ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ద్రాక్షారామం పేరు విని గోదావరి మండలంలో ప్రాచీన ద్రాక్షతోటలను వెదకకూడదు. అక్కడ ఉన్నవాడు దక్షుడు; ద్రాక్ష ఉచ్చారణలో వచ్చి చేరింది.

చెట్టు పేరు

తెలుగువారి సొంత పానీయం కల్లు. ఈ మాటకు తమిళంలోనూ సజాతిరూపం ఉంది కాబట్టి దీని ప్రాచీనతను వేరే నిరూపించనక్కరలేదు. తాటికల్లు, ఈతకల్లు, జీలుగుకల్లు అని చెట్టును బట్టి పేర్లు ఏర్పడ్డాయి. తెలంగాణ గీత కార్మికుల వాడుకలో తాటిచెట్లలోనే పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అనే భేదాలున్నాయి. చెట్టు ఆడదా మగదా, పారే కాలం ఏది అన్న సంగతులను ఈ పేర్లు ఇముడ్చుకుంటాయి. తెల్లవారుజామున పులియకముందు దించినది నీరా. పొద్దటి కల్లు తీయన, మాపటి కల్లు పులుపు. లొట్టిని చెట్టుకు కట్టడం దగ్గర నుంచి తాటిరేకలో వంపుకోవడం దాకా ప్రతి దశకూ ఒక మాట ఉంది. ద్రాక్షతోటకూ కోతకాలానికీ ఐరోపావారు పెట్టుకున్న పదజాలంతో దీన్ని పోల్చవచ్చు. వారిది పుస్తకాల్లోకి ఎక్కింది. మనది మోకు, ముస్తాదులతోపాటు చెట్టు మీదే ఉండిపోయింది.

ఈ సంప్రదాయానికి అమీర్‌పేట దూరమేమీ కాదు. పైగా వంశీయుల అమీర్-ఎ-కబీర్ బిరుదు నుంచి ఈ పేటకు పేరు వచ్చిందంటారు. దానిని ఆనుకొని ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ గుడి ఉంది. అమ్మవారి మూర్తి నేలమట్టానికి దిగువన, బావిలో ఉంటుంది. ఆషాఢంలో కల్యాణం చేస్తారు. గౌడులు కాటమయ్యతోపాటు ఎల్లమ్మనూ కొలుస్తారు. బోనాల వేళ గ్రామదేవతలకు కల్లు సాక పోయడం తెలంగాణ ఆచారం. సాహిత్యంలో ఈ దేవతకు పాత చిరునామా ఓరుగల్లు: క్రీడాభిరామంలో ఏకవీర గుడి, ఆమె కొడుకు పరశురాముని కథ పాడే బవనీల వారు కనిపిస్తారు. రేణుక, ఏకవీర, ఎల్లమ్మ పేర్లు వేరైనా పరంపర ఒకటే. పానీయం ఇక్కడ ముందు నైవేద్యం, ఆ తరువాతే వినోదం.

మందుల దుకాణంలోని ద్రాక్ష

పంజాగుట్ట పేరులో పారసీ 'పంజా', తెలుగు 'గుట్ట' కలిసి ఉన్నాయి. ఇక్కడి నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వల్ల చుట్టుపక్కల మందుల దుకాణాలు చాలా ఉన్నాయి. 'మందుల దుకాణం', 'మందు దుకాణం' అన్న రెంటికీ తేడా తెలుగులో ఒక్క బహువచనమే. ఔషధానికీ మద్యానికీ ఒకే మాట వాడడం వెనుక వ్యంగ్యం ఎంత, వైద్యం ఎంత అన్నది తేల్చడం కష్టం. పంతొమ్మిదవ శతాబ్దపు పాశ్చాత్య వైద్యులు బ్రాందీని ఉత్తేజకంగా రోగులకు ఇచ్చేవారు. ఆయుర్వేదంలో ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం నేటికీ ఉన్నాయి. కషాయం కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం అన్నది సాధారణ భేదం. ధాతకీ పుష్పాలు పులియడానికి తోడ్పడతాయి. అలా తనంతట తాను పుట్టిన ఆల్కహాలు ఈ ఔషధాల్లో సాధారణంగా ఐదు నుంచి పది శాతం దాకా ఉంటుంది. చరకసంహిత ఎనభైనాలుగు ఆసవాలను లెక్కించింది.

ఇక బ్రాందీ సంగతి. ఈ మాట డచ్చి భాషలోని 'కాల్చిన వైను' అనే సమాసం నుంచి వచ్చింది. ద్రాక్షాసవాన్ని బట్టీ పట్టి తీసినదని అర్థం. మన దేశంలో చౌకగా దొరికే బ్రాందీలకు మాత్రం ఎక్కువగా చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే ఆధారం. చెరకురసపు మద్యానికి ప్రాచీనులు శీధువని వేరే పేరు పెట్టారు. బట్టీ పట్టడమనే ప్రక్రియను పక్కన పెట్టి ముడిసరుకును మాత్రమే చూస్తే, ఆ సీసా మీద అమరసింహుడు శీధువనే రాయించేవాడు. ఆ విధంగా పంజాగుట్టలో ద్రాక్షతో చేసిన ఆసవం కావలసినవాడు మందుల దుకాణానికి, చెరకు కావలసినవాడు వైన్స్‌కు వెళ్లాలి.

హైదరాబాదుకు ద్రాక్ష కొదవ ఏనాడూ కాదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ పశ్చిమాసియా నుంచి తెచ్చి ఇక్కడ నాటిన 'అనాబ్-ఎ-షాహీ' తరువాత దక్షిణాది అంతటా వ్యాపించింది. అనాబ్ అంటే అరబ్బీలో ద్రాక్ష, షాహీ అంటే రాచది. నగరం చుట్టూ, మేడ్చల్ వైపున ముఖ్యంగా, ఈ తోటలు పెరిగాయి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం వెలిసింది. అయినా ఈ పండు బుట్టల్లో బజారుకు వచ్చింది గాని పీపాల్లోకి అంతగా వెళ్లలేదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అనాబ్-ఎ-షాహీని మరో రకంతో సంకరం చేసి తెల్ల వైనుకు తగిన రకాన్ని రూపొందించి, దానికి 'అర్క సోమ' అని పేరు పెట్టింది. వేదకాలపు పానీయం పేరు హైదరాబాదు ద్రాక్ష సంతతికి అలా దక్కింది. మార్కెట్లో ప్రసిద్ధి పొందిన 'గోల్కొండ రూబీ' వైను పేరులోనూ ఊరుంది. వజ్రాలకు పేరుపొందిన కోటకు ఆ సీసా కెంపును అంటగట్టింది. పానీయం రంగు చూస్తే ఆ మార్పు అర్థమవుతుంది.

వారుణి నుంచి క్వార్టరు దాకా

క్షీరసాగర మథనంలో వారుణి పుట్టింది. వాల్మీకి రామాయణం ప్రకారం ఆమెను స్వీకరించినవారు సురలు, నిరాకరించినవారు అసురులు. భాగవతంలో ఆమెను అసురులు తీసుకుపోయారు. పుచ్చుకోవాలా వద్దా అన్న వివాదం పురాణాల్లోనే తెగలేదు. 1980ల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేసే పథకానికి 'వారుణి వాహిని' అని పేరు పెట్టింది. మద్యనామాల చరిత్రలో ఇది కీలకమైన మలుపు. కావ్యభాషలోని అందమైన మాట పథకానికి చెందింది. జనం నోట మిగిలినది 'ప్యాకెట్'. అది ఊరి పేరూ కాదు, చెట్టు పేరూ కాదు.

ఆ ప్యాకెట్టు కూలి డబ్బును ఇంటికి చేరనివ్వలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా పాఠాల్లో సీతమ్మ కథ చదివి సారా దుకాణాన్ని మూయించిన వృత్తాంతం ప్రసిద్ధం. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. రెండవది 1997లో సడలింది. సారా పోయిన చోటును బ్రాందీ, విస్కీ సీసాలు నింపాయి. వాటితోపాటు నైంటీ, క్వార్టరు, హాఫ్, ఫుల్ అనే మాటలు స్థిరపడ్డాయి. నూట ఎనభై మిల్లీలీటర్లు క్వార్టరు, మూడువందల డెబ్బైఐదు హాఫ్, ఏడువందల యాభై ఫుల్. పానీయాన్ని కొలతతో పిలిచేటప్పుడు అది ద్రాక్షదా చెరకుదా, ఏ నేలది, ఏ ఋతువుది అన్న ప్రశ్నకు తావు లేదు. మిగిలినది ఎంత అన్న లెక్క ఒక్కటే. దూబగుంట స్త్రీలు ఎదిరించింది కూడా ఆ లెక్కనే. కాబట్టి రుచిని మెచ్చే భాషను, మద్యాన్ని నిరసించే భాషను పరస్పర శత్రువులుగా భావించనక్కరలేదు. కొలతకు లొంగకపోవడంలో రెండూ ఒకవైపే నిలుస్తాయి.

ఉపసంహారం

గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాపిశాయనం నాటి పద్ధతి చట్టరూపంలో తిరిగివచ్చిందని దీన్ని అర్థం చేసుకోవచ్చు. హైదరాబాదులో 2023లో నెక్లెస్ రోడ్డున ప్రారంభమైన నీరా కేఫ్ చెట్టు పేరును నగరంలోకి తెచ్చే ప్రయత్నం. పేర్లు తిరిగివచ్చినంత మాత్రాన పదజాలం తిరిగిరాదు. ఉగాది నాడు ఆరు రుచులను ఒకే ముద్దలో గుర్తుపట్టే జాతి మనది. ద్రాక్షతొక్క, గింజ వైనుకు ఇచ్చే గుణాన్ని చెప్పడానికి 'వగరు' అన్న మాట సిద్ధంగా ఉంది. పరిమళానికి 'గంధోత్తమ', తేటకు 'ప్రసన్న' నిఘంటువుల్లో ఉన్నాయి. వీటిని కొత్తగా సృష్టించనక్కరలేదు, వాడితే చాలు.

తెలుగుశాఖలు చేయవలసిన పని ఇంతకంటె తొందరైనది. అమరకోశం మాటలు అచ్చులో ఉన్నాయి కాబట్టి ఎక్కడికీ పోవు. పోతుతాడుకూ పండుతాడుకూ కల్లులో తేడా నాలుకతో చెప్పగల గీత కార్మికుల సంఖ్య మాత్రం తరిగిపోతోంది. వృత్తి పదకోశాల సేకరణలో వారి మాటలను జిల్లాలవారీగా, ఋతువులవారీగా, రుచి వివరణలతో సహా నమోదు చేయాలి. అమీర్‌పేట వీధుల్లో ఆ పని మొదలుపెట్టదలచిన పరిశోధకుడు వైన్స్ బోర్డు దగ్గర కాకుండా, బోనాల నాడు బల్కంపేటకు లొట్టితో వచ్చిన గౌడుని దగ్గర ఆగడం మంచిది.