అగ్నిశిలల్లో ఆక్సిజన్ ఐసోటోపుల వేర్పాటు

శిలాద్రవం చల్లారి గడ్డకట్టేటప్పుడు ఆక్సిజన్-16, ఆక్సిజన్-18 అన్ని ఖనిజాల్లోకీ ఒకే పాళ్లలో చేరవు. బరువైన ఆక్సిజన్-18 క్వార్ట్జ్‌లో ఎక్కువ, ఫెల్డ్‌స్పార్‌లో కొంత తక్కువ, పైరాక్సీన్‌లో ఇంకా తక్కువ, మాగ్నెటైట్‌లో మరీ తక్కువ. వేడి హెచ్చేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది.

బరువైన ఆక్సిజన్ ఐసోటోపులను 1929లో జియోక్, జాన్‌స్టన్ గుర్తించారు. ఐసోటోపుల పంపకం ఉష్ణోగ్రతను బట్టి ఎలా మారుతుందో 1947లో హెరాల్డ్ యూరీ లెక్కకట్టాడు. అంటే ఖనిజాల మధ్య తేడా కొలిస్తే రాయి ఎంత వేడిలో పుట్టిందో తేలాలి. కానీ సిలికాన్‌ను గట్టిగా పట్టుకున్న ఆక్సిజన్‌ను విడదీయడమే కష్టం. ఫ్లోరిన్ వాయువుతో ఆ పని సాధించారు. 1963లో క్లేటన్, మయేడా బ్రోమిన్ పెంటాఫ్లోరైడ్ వాడి దాన్ని సులువు చేశారు.

ఖనిజాల వరసను కాలిఫోర్నియాలో హ్యూ టేలర్, శామ్యూల్ ఎప్‌స్టీన్ 1962లో నిర్ధారించారు. ఈ తేడాను ఉష్ణమాపకంగా వాడాలన్న ఆశ మాత్రం గ్రానైట్ల దగ్గర పెద్దగా ఫలించలేదు. గడ్డకట్టాక కూడా, నెమ్మదిగా చల్లారే రాతిలో ఖనిజాలు ఆక్సిజన్‌ను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. అందుకే లెక్కకు వచ్చే వేడి అసలుకన్నా తక్కువ.

అసలు లాభం వరస తప్పిన చోట దొరికింది. తూర్పు గ్రీన్‌లాండ్‌లోని స్కేర్‌గార్డ్ రాళ్లలో, స్కాట్లండ్‌లోని స్కై దీవిలో ఫెల్డ్‌స్పార్‌లో పైరాక్సీన్ కన్నా తక్కువ ఆక్సిజన్-18 కనిపించింది. శిలాద్రవం ఒక్కటే అలా చేయలేదు. టేలర్, ఫారెస్టర్ 1970లలో చెప్పిన కారణం వాననీరు. దానిలో ఆక్సిజన్-18 తక్కువ. వేడి రాతి పగుళ్లలో అది తిరుగుతుంటే ఫెల్డ్‌స్పార్ త్వరగా మారింది, పైరాక్సీన్ మొండికేసింది. ఎల్లోస్టోన్‌లో ఇంకో అడుగు: అలా నీటితో మారిన రాళ్లే మళ్లీ కరిగి, ఆక్సిజన్-18 తక్కువైన లావాలయ్యాయి.

దీనికి వ్యతిరేకమైన సంగతీ ఉంది. భూప్రావారపు శిలల డెల్టా విలువ, అంటే ప్రామాణిక సముద్రజలంతో పోలిస్తే ఆక్సిజన్-18 పాలు ఎంత ఎక్కువో చూపే కొలత, వెయ్యికి సుమారు 5.5. స్ఫటికీకరణ ఒక్కటే దాన్ని పెద్దగా పెంచలేదు. కనుక ఆ విలువ 10 దాటిన గ్రానైట్‌లో, నేలమీద నీటి మధ్య పుట్టిన బంకమన్ను వంటి అవక్షేపం కరిగి కలిసిందని అనుమానించాలి. ఇదే తర్కాన్ని పశ్చిమ ఆస్ట్రేలియా జాక్ హిల్స్ జిర్కాన్ స్ఫటికాలకు వర్తింపజేసి, దాదాపు 440 కోట్ల ఏళ్ల నాడే భూమిపై ద్రవరూపంలో నీరు ఉండేదని 2001లో ప్రకటించారు. కొలిచిన విలువ స్ఫటికం పుట్టినప్పటిదా, తర్వాత మారిందా అన్న వాదన అక్కడి నుంచే మొదలైంది.